గరిటె పెట్టని కూర: బ్రెజిల్ మొకెకా

శ్రోతలకు నమస్కారం.

చేపల పులుసులో ముక్కలు పడ్డాక గరిటె పెడితే ఇంట్లో పెద్దవాళ్లు ఊరుకోరు. గుడ్డతో దాక అంచులు పట్టుకుని ఓసారి తిప్పి దించాలంటారు. బ్రెజిల్ సముద్రతీరంలోనూ ఇదే పద్ధతి. అక్కడి చేపల కూర పేరు మొకెకా. అయితే అందులో చింతపండు ఉండదు, నీళ్లూ పోయరు.

మొకెకాలో రెండు రకాలు ప్రసిద్ధి. బయియా రాష్ట్రంలో కొబ్బరిపాలు, దెందే అనే ఎర్ర పామాయిల్ వేస్తారు. ఆఫ్రికా నుంచి బానిసలుగా తెచ్చిన జనం అక్కడి వంటకు ఇచ్చిన రుచి ఆ దెందే. మన ఏలూరు వైపు తోటల్లో కనిపించే పామాయిల్ చెట్టే అది. కానీ మనం కొనే ప్యాకెట్ నూనెను శుద్ధి చేయడంతో ఆ ఎరుపూ, వాసనా పోతాయి. బయియాకు దక్షిణాన ఉన్న ఎస్పిరితు సాంతు రాష్ట్రంలో దెందే, కొబ్బరిపాలు రెండూ వేయరు. ‘మొకెకా అంటే మాదే, మిగతావన్నీ ఉత్త చేపల కూరలు’ అని అక్కడివాళ్లు ఎకసెక్కాలాడతారు. తగువు తీర్చడం నా వల్ల కాదు గానీ, దెందే దొరకని నా వంటింట్లో మాత్రం వీళ్లే గెలిచారు.

వీళ్ల కూరకు రంగునిచ్చేవి జాఫ్రా గింజలు. అవి మన మన్యంలోనూ పండుతాయి. అర కప్పు ఆలివ్ నూనెలో రెండు చెంచాల గింజలు వేసి, సన్నని సెగ మీద నూనె ఎర్రబడగానే వడకట్టాలి. మొదటిసారి నేను ఫోన్ మాట్లాడుతూ మంట తగ్గించడం మరిచాను. గింజలు నల్లబడి నూనె చేదెక్కింది, మొత్తం పారబోశాను.

కిలో వంజరం రెండు వేళ్ల మందాన కోయించండి. ఉప్పు, నిమ్మరసం, దంచిన వెల్లుల్లి పట్టించి అరగంట ఉంచండి. మట్టి దాకలో ఆ ఎర్ర నూనె పోసి, రెండు ఉల్లిపాయలు, నాలుగు టమాటాలు చక్రాలుగా కోసి సగం పరవండి. పైన చేప ముక్కలు, వాటిపైన మిగతా సగం, గుప్పెడు కొత్తిమీర. మూత పెట్టి, ఓ మోస్తరు మంట మీద ఇరవై నిమిషాలు వదిలేయండి. ఐదు నిమిషాలకే మనకు టెన్షన్, అడుగంటుతుందేమోనని. నేను ఉండబట్టలేక గ్లాసు నీళ్లు పోశాను, చారయింది. ఓపిక పడితే టమాటా, ఉల్లి, చేప తమ నీరు తామే వదులుతాయి.

అక్కడ ఈ కూర వండే నల్లటి మట్టి పాత్రలను విటోరియా నగరంలోని గొయాబేరాస్ పేట ఆడవాళ్లు చేత్తోనే మలుస్తారు, సారె వాడరు. ఆరుబయట మంటలో కాల్చి, ఇంకా సెగలు కక్కుతుండగానే మడచెట్టు బెరడు నానబెట్టిన నీళ్లు చల్లుతారు. నలుపు దాంతోనే వస్తుంది. 2002లో బ్రెజిల్ ఈ పనితనాన్ని దేశ సాంస్కృతిక వారసత్వంగా నమోదు చేసింది.

ఆ పాత్రను పొయ్యి మీద నుంచి నేరుగా భోజనాల బల్ల మీదికే తెస్తారు, కూర ఇంకా కుతకుతలాడుతూనే ఉంటుంది. పక్కన తెల్లన్నం, చేప తలలు ఉడికిన నీళ్లలో కర్రపెండలం పిండి కలిపి చేసిన పిరావ్ ఉంటాయి. చూడ్డానికి అచ్చం మన జావే, కాస్త చిక్కన.