లంబసింగి చలి, వేడి జాకెట్టు, 220 వాట్ల బండి

నమస్కారం. ముందు ఈ ప్లగ్గు చూడండి, కెమెరా దగ్గరికి తెస్తున్నాను. చిటికెన వేలి కొసంత ఉంటుంది. వేడి జాకెట్టుకు వెళ్లే కరెంటంతా దీని గుండానే వెళ్తుంది. పోయిన డిసెంబరులో దీన్ని బండి నుంచి ఊడదీయడం మరిచిపోయి, చలికి పేరుపడ్డ కొండ ఊరు లంబసింగిలో గంటన్నర సేపు రోడ్డు పక్కన నిలబడ్డాను. ఈ రివ్యూలో సగం అక్కడే తయారైంది.

నా బండి రాయల్ ఎన్‌ఫీల్డ్ హిమాలయన్ 411, ఫ్యూయల్ ఇంజెక్షన్ ఉన్నది. ఈ రోజు చూడబోయేవి 12 వోల్టుల వేడి జాకెట్టు, దానికి తగిలించుకునే గ్లౌజులు, వాటికి కరెంటు అందించే వైరింగు. జాకెట్టు ఏ కంపెనీదని అడగకండి. ఎవరిది కొన్నా కరెంటు లెక్క దాదాపు ఒకటే. డాలస్‌లో ఉండే మా బావ సెలవులకు వస్తూ సూట్‌కేసులో పెట్టుకొచ్చాడు. తిరుగు ప్రయాణంలో ఆ ఖాళీలోకి ఆవకాయ, గోంగూర పచ్చడి చేరాయి. మా అక్క దృష్టిలో ఈ బేరంలో లాభపడింది బావే.

హైదరాబాదులో ఉంటూ వేడి జాకెట్టు ఏమిటని కొందరు నవ్వుతారు. నవ్వండి, తప్పు లేదు. నగరంలో తిరగడానికి ఇది అక్కరలేదు. డిసెంబరు చివర్లో తెల్లవారుజామున ఆదిలాబాదు దారి పట్టినవాళ్లను, నర్సీపట్నం నుంచి లంబసింగి ఘాట్ ఎక్కినవాళ్లను అడిగి చూడండి. గాలి 5 డిగ్రీలు ఉందనుకోండి. గంటకు 60 కిలోమీటర్ల వేగంతో వెళ్తుంటే ఒంటికి అది సున్నాకు 2 డిగ్రీలు తక్కువగా తగులుతుంది. మొదట వేళ్ల కొసలు మొద్దుబారుతాయి. కాసేపటికి క్లచ్ లివరు చేతిలో ఉందో లేదో చూసుకుంటే తప్ప తెలియదు. అప్పుడు బ్రేకు పట్టాల్సి వస్తే ఎలా ఉంటుందో మీరే ఊహించుకోండి.

ఇప్పుడు జాకెట్టు. ఇది పైన వేసుకునేది కాదు, రైడింగ్ జాకెట్టు లోపల వేసుకునే పలుచని పొర. చూడండి, ఛాతీ మీద, వీపు మీద, మెడ పట్టీలో, చేతుల్లో సన్నని వేడి తీగలు కుట్టి ఉన్నాయి. చేత్తో తడిమితే తెలుస్తుంది. ఒంటికి బిగుతుగా ఉండాలి, కింద ఒక పలుచని బనియను ఉండాలి. వదులుగా ఉంటే వేడి మధ్యలో గాలికే పోతుంది, నేరుగా చర్మం మీద వేసుకుంటే మంట పుడుతుంది. ఇంకో మాట. ఇది వేడిని ఇస్తుందే గానీ గాలిని ఆపదు. మా నాన్నగారు స్కూటరు మీద ఉదయం షిఫ్టుకు వెళ్తూ చొక్కాకూ స్వెట్టరుకూ మధ్య దినపత్రిక మడిచి పెట్టుకునేవారు. గాలిని ఆపడంలో ఆ పత్రిక ఈ జాకెట్టు కంటే మెరుగు. అందుకే నేను ముందు వానకోటు పైన వేసుకుంటాను, ఆ తర్వాతే స్విచ్చు వేస్తాను.

వేడి ఎలా ఉంది? బాగుంది. స్విచ్చు వేసిన నిమిషంలోపే వీపు మీద ఎండ పడినట్టు అనిపిస్తుంది. నాకు ఎక్కువ నచ్చింది మెడ పట్టీ. అక్కడ వెచ్చగా ఉంటే ఒళ్లంతా వెచ్చగా ఉన్నట్టే. గ్లౌజులకు అన్ని మార్కులు వేయను. వేళ్ల పైభాగం వెచ్చబడుతుంది, లివరును పట్టుకునే లోపలి వైపు మాత్రం చల్లగానే ఉంటుంది.

అసలు కథ కరెంటుది. జాకెట్టు పూర్తి వేడి మీద 77 వాట్లు తింటుంది. గ్లౌజులు రెండూ కలిపి 27. మొత్తం 104 వాట్లు, అంటే 8 ఆంపియర్ల పైమాట. ఈ బండిలో కరెంటు పుట్టించే ఆల్టర్నేటరు సామర్థ్యం 220 వాట్లు. ఇంకా సగం మిగిలిందని సంబరపడకండి, ఎందుకంటే బండి తన వాటా ముందే తీసుకుంటుంది. హెడ్‌లైటు బల్బు 55 వాట్లు, హై బీమ్‌లో 60. 2017 ఏప్రిల్ నుంచి కొత్త బళ్లకు హెడ్‌లైటు ఎప్పుడూ వెలుగుతూనే ఉండాలన్న నిబంధన వచ్చింది కాబట్టి ఆర్పేద్దామంటే స్విచ్చే లేదు. పెట్రోలు పంపు, ఇంజెక్టరు, ఇగ్నిషను, కంప్యూటరు, వెనక లైటు, మీటరు అన్నీ కలిపి ఇంకో 60, 70 వాట్లు అవుతాయని నా అంచనా. ఇక మిగిలింది 90, 100 వాట్లు. జీతం రాగానే అద్దె, ఈఎంఐలు పోను చేతిలో మిగిలే డబ్బులాంటిది ఇది. అందులోంచే ఫోను ఛార్జింగు, అందులోంచే పొగమంచు లైట్లు, అందులోంచే జాకెట్టు.

ఆ జీతమైనా నెల నెలా ఒకేలా రాదు. ఇంజిను ఎడమ వైపు మూత లోపల స్టేటరు అనే తీగచుట్ట ఉంటుంది. దాని చుట్టూ అయస్కాంతాలు తిరిగితే కరెంటు పుడుతుంది. ఎంత వేగంగా తిరిగితే అంత కరెంటు. 220 వాట్లన్నది ఇంజిను బాగా తిరుగుతున్నప్పటి మాట. సిగ్నల్ దగ్గర ఆగి ఉన్నప్పుడో, ఘాట్ మలుపుల్లో నెమ్మదిగా ఎక్కుతున్నప్పుడో అంత రాదు. మరి మనకు చలి ఎక్కువ ఎప్పుడు? సరిగ్గా ఆ ఘాట్ మీదే. లోటు ఎంత పడితే అంతా బ్యాటరీ భరించాలి. ఈ బ్యాటరీ 8 ఆంపియర్ అవర్లది, అంటే కాగితం మీద 8 ఆంపియర్లు గంట సేపు ఇవ్వగలది, కారు బ్యాటరీ ముందు పిల్లకాయ. ఇంజిను ఆపి జాకెట్టు ఒక్కటే నడిపినా కాగితం మీద లెక్కకు గంటా పావు వస్తుంది. చలిలో బ్యాటరీ శక్తి తగ్గుతుంది, పైగా సెల్ఫ్ స్టార్టుకు కొంత మిగలాలి. కాబట్టి నిజానికి అందులో సగం కూడా రాదు.

ఇది నాకు లంబసింగిలో అర్థమైంది. అంతకు ముందు వారమే నగరంలో ఒక దుకాణంలో వైరింగు చేయించాను. అరగంటలో అయిపోయింది. అంత తొందరగా అయిందంటేనే అనుమానించాల్సింది. బ్యాటరీ నుంచి నేరుగా రెండు తీగలు లాగి, మెలిపెట్టి, నల్ల టేపు చుట్టి ఇచ్చాడు. ఫ్యూజు లేదు, తాళంతో పాటు కరెంటును వేసి ఆపే రిలే అనే స్విచ్చు లేదు. తాళం తీసేసినా కరెంటు వస్తూనే ఉంటుంది. అది లోపమని నాకూ తట్టలేదు, సౌకర్యమనుకున్నాను.

లంబసింగి పక్కనే ఉన్న చెరువులవేనం కొండ దగ్గర మేఘాలు కాళ్ల కిందికి వచ్చాయి. బండి ఆపి, దాని మీదే కూర్చుని చూస్తున్నాను. జాకెట్టు వెచ్చగా ఉంది. లేవబుద్ధి కాలేదు. టీ తెప్పించుకున్నాను, ఇంకోటి తెప్పించుకున్నాను. వీపు మీద వేడి కొంచెం కొంచెం తగ్గుతుంటే ఎండ వస్తోంది కదా, అందుకేమో అనుకున్నాను. బయల్దేరదామని మీట నొక్కితే టక్ టక్ టక్, అంతే. మీటరు ముల్లు వణికి పడుకుంది.

టీ కొట్టు పెద్దాయన వచ్చి, “ఏం బాబూ, కిక్కు కొట్టి చూడండి” అన్నాడు. ఈ బండికి కిక్కు లేదండీ అంటే నా వైపు, బండి వైపు జాలిగా చూశాడు. పాత కార్బ్యురేటర్ బుల్లెట్ అయితే కిక్కుతోనో తోసో ప్రాణం పోయవచ్చు. దీనికి పెట్రోలు పంపు తిరగాలన్నా కరెంటు కావాలి, బ్యాటరీ పూర్తిగా పడిపోతే తోసినా ఉపయోగం ఉండదు. ముగ్గురం తోశాం కూడా. చివరికి చింతపల్లి వైపు వెళ్లే జీపు ఒకటి ఆగింది. జీపు ఇంజిను ఆపి ఉంచి, దాని బ్యాటరీ నుంచి తీగలు కలిపితే రెండో ప్రయత్నానికి అందుకుంది. ఇంజిను ఆపమని చెప్పింది డ్రైవరే. “నాది నడుస్తుంటే మీ చిన్న బ్యాటరీకి మంచిది కాదన్నా” అన్నాడు. డబ్బు ఇవ్వబోతే తీసుకోలేదు, ఈ జాకెట్టు ఎక్కడ దొరుకుతుందని మాత్రం అడిగాడు.

తిరిగి వచ్చాక రాణిగంజ్ వెళ్లి సామాను కొని, ఈసారి నేనే కూర్చుని చేశాను. సీటు తీస్తున్నాను, చూడండి. బ్యాటరీ పాజిటివ్ నుంచి జానెడు దూరంలోపే ఇదిగో, 15 ఆంపియర్ల ప్రధాన ఫ్యూజు. బ్యాటరీకి ఎంత దగ్గరగా ఉంటే అంత మంచిది. ఫ్యూజుకు ముందున్న తీగ ఎక్కడైనా ఒరుసుకుపోయి ఛాసిస్‌కు, అంటే బండి ఇనుప చట్రానికి తగిలితే ఆపేవాడు ఉండడు, నిప్పు పుడుతుంది. ఫ్యూజు కాపాడేది తీగనే, జాకెట్టును కాదు. కాబట్టి సన్నని తీగ వేసి పెద్ద ఫ్యూజు పెడితే అసలు లేనట్టే. నేను ప్రధాన తీగ 2.5 చదరపు మిల్లీమీటర్లది వాడాను, రాగిది. సన్నని తీగలో వోల్టులు దారిలోనే పోతాయి, జాకెట్టుకు చేరేసరికి నీరసమే మిగులుతుంది.

తర్వాత ఈ నల్ల డబ్బీ, రిలే. మామూలు కారు రిలేనే. కాళ్ల మీద అంకెలు ఉంటాయి: 30, 87, 85, 86. ఫ్యూజు నుంచి వచ్చే తీగ 30కి. 87 నుంచి ఈ చిన్న ఫ్యూజుల పెట్టెకు. 85 ఎర్తుకు. 86ను వెనక లైటు తీగకు కలిపాను. తాళం తిప్పితే వెనక లైటు వెలుగుతుంది, ఆ కొద్దిపాటి కరెంటుతో రిలే మూసుకుంటుంది, అప్పుడే జాకెట్టు లైనులోకి కరెంటు వస్తుంది. తాళం తీస్తే అంతా పోతుంది. ఇది ముందే ఉండి ఉంటే ఆ రోజు రెండు టీలు తాగి దర్జాగా వెళ్లిపోయేవాణ్ని. పెట్టెలో జాకెట్టుకూ గ్లౌజులకూ కలిపి 10 ఆంపియర్ల ఫ్యూజు, ఫోను ఛార్జరుకు 3, లైట్లకు 5.

అన్నిటికంటే చవకైనది, నేను మొదట కొనాల్సి ఉండి చివర కొన్నది, ఈ వోల్టు మీటరు. నాలుగు వందలు కూడా కాలేదు. ఇప్పుడు బండి స్టార్టు చేస్తాను. ఏమీ వేయకుండా 13.8 చూపిస్తోంది. జాకెట్టు, గ్లౌజులు పూర్తి మీద పెడుతున్నాను. 13.1. 12.8. 12.6. ఇంకా దిగుతోంది చూడండి. అంటే బ్యాటరీ అప్పు ఇస్తోంది. కొంచెం యాక్సిలరేటరు తిప్పితే 13.3 దాకా లేచింది. ఇప్పుడు జాకెట్టు డయలు సగానికి తగ్గిస్తాను. ఈ కంట్రోలరు కరెంటును సన్నగా చేయదు. కాసేపు వేస్తుంది, కాసేపు ఆపేస్తుంది, మళ్లీ వేస్తుంది. సగం మీద పెడితే సగటున సగం వాట్లే. అందుకే మీటరు అంకె ఇలా ఎగిరెగిరి పడుతోంది. 13.7, 13.4, 13.7. ఇది నాకు సమ్మతమే. నడుస్తున్నప్పుడు 13.2 కంటే తగ్గనివ్వను, తగ్గితే ముందు పొగమంచు లైట్లు ఆర్పుతాను, తర్వాత డయలు తగ్గిస్తాను.

కొన్ని ప్రశ్నలు మీరు ఎలాగూ అడుగుతారు కాబట్టి ఇప్పుడే చెప్పేస్తాను. హెడ్‌లైటుకు ఎల్‌ఈడీ బల్బు వేస్తే పాతిక, ముప్పై వాట్లు మిగులుతాయి కదా? మిగులుతాయి. కానీ హాలోజన్ కోసం చేసిన అద్దంలో దాన్ని పెడితే వెలుగు చెదిరి ఎదుటివాడి కళ్లలో పడుతుంది. ఘాట్ మలుపులో ఎదుటి లారీ డ్రైవరుకు కళ్లు కనబడకపోతే నా జాకెట్టు ఎంత వెచ్చగా ఉండి ఏం లాభం? నేను వేయలేదు. పెద్ద బ్యాటరీ వేస్తే? కుండ పెద్దదైతే నూతిలో నీళ్లు పెరగవు. ఆగి ఉన్నప్పుడు కాస్త ఎక్కువ సేపు వస్తుంది, అంతవరకే. పెద్ద స్టేటరు వేసుకోవచ్చు గానీ వోల్టులను అదుపులో ఉంచే రెగ్యులేటరును కూడా దానికి తగ్గట్టు మార్చాలి, వారంటీలో ఉన్న బండి అయితే ఆ ఊసే వద్దు.

ఏడాదికి రెండు సార్లు మాత్రమే చలి ప్రయాణం చేసేవాళ్లు బండికి కలిపే జాకెట్టు కొనకండి. సొంత బ్యాటరీలున్న 7 వోల్టుల గ్లౌజులు చాలు. మధ్యస్థంగా పెడితే రెండు, మూడు గంటలు వస్తాయి, హోటలు గదిలో ఛార్జింగు పెట్టుకోవచ్చు, బండి తీగల జోలికి వెళ్లనవసరం లేదు. లద్దాఖ్, స్పితి అంటూ వారాల తరబడి తిరిగేవాళ్లకైతే బండికి కలిపేదే మేలు. రోజంతా నడుస్తుంది, ఛార్జింగు గొడవ లేదు. స్కూటర్ల మీద, వంద సీసీ బళ్ల మీద మాత్రం ఈ ప్రయోగం చేయకండి. వాటి ఆల్టర్నేటర్లలో ఇంత మిగులు ఉండదు.

నా మార్కులు: జాకెట్టుకు పదికి ఎనిమిది, గ్లౌజులకు ఆరు. వోల్టు మీటరుకు పదికి పది.

వచ్చే వీడియోలో హ్యాండిలుకు వేసే వేడి గ్రిప్పులు పెట్టి చూస్తాను. వాటికి గ్లౌజుల కంటే పది వాట్లు ఎక్కువ పడుతుంది కాబట్టి జాకెట్టు డయలు ఎక్కడ ఆపాలో మళ్లీ లెక్క వేయాలి. ఇప్పుడు తాళం తీస్తున్నాను, వినండి. టక్. అదే రిలే. కెమెరా ఆపడానికి దిగుతున్నాను. అయ్యో, ఒక్క నిమిషం, తీగ లాగుతోంది. ప్లగ్గు తీయలేదు.