రోడ్డు మీద మిగిలిపోయిన రాయి

శ్రోతలకు నమస్కారం.

వరికోతలు మొదలైతే మన నెల్లూరు పల్లెల్లో తారు రోడ్డే కళ్లం. సగం రోడ్డు మీద వడ్లు పోసి, బండ్లు తొక్కకుండా అంచున వరసగా రాళ్లు పెడతారు. పొద్దుగూకేసరికి వడ్లు బస్తాల్లోకెక్కుతాయి, రాళ్లు మాత్రం అక్కడే. రాత్రి ఎనిమిదింటికి బుచ్చిరెడ్డిపాళెం వైపునుంచి మోటార్ సైకిల్ మీద వస్తున్న కుర్రాడికి ఎదురుబండి లైటు కళ్లలో కొట్టిందనుకోండి. చక్రం ఎక్కేదాకా ఆ రాయి కనపడదు. కాలు విరుగుతుంది.

"నేనేమన్నా కావాలని పెట్టానా సార్?" అంటాడు వడ్లాయన. నిజమే. కావాలని పెడితే అది వేరే కథ. నిర్లక్ష్యం దావాలో, అంటే ఒకరి అజాగ్రత్త వల్ల దెబ్బ తగిలిందని నష్టపరిహారం అడిగే కేసులో, ఆ మాట చెల్లదు. ఈ దారిన జనం పోతారని నీకు తెలుసు కదా, రాయి తగిలి పడతారని ఎవరికైనా తట్టే సంగతే కదా, మరి ఎందుకు తియ్యలేదు? ఇదీ కోర్టు అడిగేది. దెబ్బ ఆ రాయి వల్లే తగిలిందని మాత్రం కుర్రాడే రుజువు చేసుకోవాలి. అసలు ముడి అక్కడే. తెల్లారేసరికి రాళ్లు మాయం, సాక్షి పొలం పనికి పోయుంటాడు. అందుకే ఫోనులో అప్పుడే ఒక ఫొటో తీయించుకోవాలి.

ముక్కూమొహం తెలియనివాడికి నేనెందుకు జవాబుదారీ అనే పేచీ పాతదే. 1928లో స్కాట్లండ్‌లోని పైస్లీలో ఒకావిడ జింజర్ బీరు తాగింది, తెలిసినవాళ్లొకరు కొనిచ్చిన ఆ సీసాలో కుళ్లిన నత్త ఉందని తర్వాత దావా వేసింది. డబ్బిచ్చింది ఆవిడ కాదు. అయినా సరుకు తయారుచేసినవాడు తాగేవాళ్ల విషయంలో జాగ్రత్తపడాల్సిందేనని 1932లో, అప్పట్లో అక్కడి పై కోర్టు కూడా అయిన బ్రిటన్ ప్రభువుల సభ తేల్చింది. మన కోర్టులూ ఆ బాటే పట్టాయి.

కుర్రాడి బండికి లైటే లేదనుకుందాం. నష్టం 4 లక్షలని, అందులో అతని తప్పు పావు వంతని తేలితే చేతికొచ్చేది 3 లక్షలు.

రాయి కాకుండా లారీ గుద్దితే దారి వేరు, మోటారు ప్రమాదాల ట్రైబ్యునల్‌కి పోవాలి. తప్పెవరిదో తేల్చకుండానే చనిపోతే 5 లక్షలు, తీవ్రగాయమైతే రెండున్నర లక్షలు అడిగే వీలు చట్టంలో ఉంది. ఆగకుండా పోయిన బండి ఏదో తెలియకపోతే అవి 2 లక్షలు, 50 వేలు. ప్రమాదం సూళ్లూరుపేట దాటి తమిళనాడులో జరిగినా, మీరుండేది నెల్లూరైతే నెల్లూరు ట్రైబ్యునల్‌లోనే అర్జీ పెట్టుకోవచ్చు. చట్టంలో రాసిన గడువు 6 నెలలు. కట్టు విప్పాక చూద్దాంలే అని కూర్చోకండి, ఆసుపత్రి బిల్లులతోనే వకీలు దగ్గరికి పొండి.