నీట మునిగిన వరి మొక్క లోపల ఏం జరుగుతుంది? ఇథిలీన్ గ్రాహకాల నుంచి సబ్1ఎ జన్యువు దాకా

నమస్కారం. గోదావరి డెల్టాలో సార్వా ఊడ్పులు ముగిసిన కొద్ది వారాలకే చేలు నీట మునగడం మనకు కొత్త విషయం కాదు. ఎగువ నుంచి వరద దిగుతుంది, లేదా అల్పపీడనం పట్టి వాన విడవకుండా కురుస్తుంది; తూడు, గుర్రపుడెక్క పట్టి పూడుకుపోయిన మురుగు కాలువలు ఆ నీటిని సముద్రానికి చేర్చలేక వెనక్కి తన్నుతాయి; పిలక దశలో ఉన్న పైరు కొసలు కూడా కనబడకుండా ఎర్రనీటి కింద ఉండిపోతుంది. వారం, పది రోజుల తరువాత నీరు తీస్తే, గట్టుకు ఇవతలి చేను కుళ్లి వాసన వేస్తుంటే అవతలి చేను నాలుగైదు రోజుల్లో కొత్త ఆకు వేసి తేరుకోవడం కొన్నిచోట్ల కనిపిస్తుంది. రెండు చేలకూ అంతే నీరు, అంతే ఎరువు, అదే నేల. విత్తనం మాత్రం వేరు. ఆ విత్తనాల మధ్య ఉన్న తేడా ఒక వాయువు తెచ్చే సంకేతాన్ని మొక్క ఎలా అందుకుంటుంది, అందుకున్నాక ఏ జన్యువులను నడిపిస్తుంది, వేటిని ఆపి ఉంచుతుంది అన్న దాంట్లో ఉంది. ఈ వీడియోలో ఆ సంకేతం దారిని కణం పొర నుంచి కేంద్రకం దాకా వరుసగా చూద్దాం.

ఆ వాయువు పేరు ఇథిలీన్. కాయలను పండించే వాయువుగా మనందరికీ తెలిసినదే. దీనికి మొక్కల పెరుగుదలను మార్చే శక్తి ఉందని 1901లో సెయింట్ పీటర్స్‌బర్గ్‌లో దిమిత్రీ నెల్యుబోవ్ అనే శాస్త్రవేత్త గుర్తించారు. ప్రయోగశాల దీపాలకు వాడే గ్యాస్‌లోని ఇథిలీన్ వల్లనే తన బఠానీ మొలకలు వంకర తిరుగుతున్నాయని ఆయన తేల్చారు. తరువాత తెలిసిందేమంటే, మొక్కలు తామే దీనిని ఒక హార్మోన్‌గా, అంటే పెరుగుదలను నడిపే సంకేతంగా, ఎప్పుడూ కొద్ది కొద్దిగా తయారు చేస్తుంటాయి. మామూలుగా అది ఆకుల నుంచి గాలిలోకి వెళ్లిపోతుంది. కానీ వాయువులు గాలిలో కంటే నీటిలో సుమారు 10,000 రెట్లు నెమ్మదిగా వ్యాపిస్తాయి. కాబట్టి చేను మునిగిన కొద్ది గంటలలోనే మొక్క తయారు చేసిన ఇథిలీన్ బయటికి పోలేక కణజాలంలోనే పేరుకుపోతుంది. అదే కారణం చేత బయటి ఆక్సిజన్ లోపలికి రావడమూ కష్టమవుతుంది. తాను మునిగానని వరి మొక్కకు మొదట తెలిసేది ఈ పేరుకున్న ఇథిలీన్ ద్వారానే.

ఆ తెలియడం అన్నది గ్రాహకాల పని. గ్రాహకం, అంటే రిసెప్టర్, ఒక నిర్ణీత రసాయనాన్ని మాత్రమే పట్టుకుని, పట్టుకున్నందువల్ల తన ఆకారాన్నో పనినో మార్చుకునే ప్రొటీన్. 1993లో అమెరికాలో ఆవాల కుటుంబానికి చెందిన అరబిడాప్సిస్ అనే చిన్న మొక్కలో ఈటీఆర్1 అనే ఇథిలీన్ గ్రాహకాన్ని గుర్తించారు. మొక్కల హార్మోన్లకు సంబంధించి గుర్తించిన మొట్టమొదటి గ్రాహకం ఇదే. ఇది ప్రధానంగా కణం బయటి పొరలో కాక, లోపల ఉండే ఎండోప్లాస్మిక్ రెటిక్యులం అనే పొరల అల్లికలో ఉంటుంది. ఇథిలీన్ చిన్న అణువు, కొవ్వు పొరల గుండా సులువుగా దూరిపోగలదు కనుక అంత లోపల ఉన్నా ఇబ్బంది లేదు. ఈ గ్రాహకం ఇథిలీన్‌ను పట్టుకోవడానికి ఒక రాగి అయాన్ అవసరం. పొలంలో సూక్ష్మ పోషకమని మనం చెప్పుకునే రాగికి ఇంత కీలకమైన చోట స్థానం ఉండడం నాకు ఎప్పుడూ ఆశ్చర్యం కలిగిస్తుంది.

ఈ గ్రాహకం పనిచేసే తీరు మనం ఊహించేదానికి తలకిందులుగా ఉంటుంది. సంకేతం అందినప్పుడు మేలుకుని పని మొదలుపెట్టడం సాధారణ గ్రాహకాల పద్ధతి. ఇథిలీన్ గ్రాహకం మాత్రం ఇథిలీన్ లేనప్పుడే పనిలో ఉంటుంది. మన కాలువల మీద లాకు దగ్గర తలుపు దించి పట్టుకుని నిలబడిన మనిషి లాంటిది ఇది. అతను పట్టు వదిలితేనే నీరు కిందికి పారుతుంది. ఇథిలీన్ లేనంతసేపు గ్రాహకం తన పక్కన ఉన్న సీటీఆర్1 అనే కైనేజ్‌ను, అంటే ఇతర ప్రొటీన్లకు ఫాస్ఫేట్ తగిలించే ఎంజైమును, చురుకుగా ఉంచుతుంది. ఆ ఎంజైము ఈఐఎన్2 అనే మరో ప్రొటీన్‌కు ఫాస్ఫేట్ తగిలించి దానిని కదలకుండా చేస్తుంది. ఇథిలీన్ వచ్చి గ్రాహకాన్ని అంటుకోగానే గ్రాహకం ఆగిపోతుంది, సీటీఆర్1 నిలిచిపోతుంది, ఫాస్ఫేట్ పడని ఈఐఎన్2 రెండుగా తెగి దాని చివరి ముక్క కేంద్రకంలోకి ప్రయాణిస్తుంది. అక్కడ ఈఐఎన్3 అనే ప్రొటీన్ ఉంటుంది. మామూలు రోజుల్లో కణం దీనిని తయారు చేస్తూనే, యుబిక్విటిన్ అనే చిన్న ప్రొటీన్‌ను గుర్తుగా అతికించి, ప్రొటీన్లను తుంచే ప్రోటియాజోమ్ అనే కణ యంత్రంలో వేసి ముక్కలు చేస్తూ ఉంటుంది. యుబిక్విటిన్‌తో గుర్తు పెట్టి ప్రొటీన్లను నాశనం చేసే ఈ పద్ధతిని కనుగొన్నందుకే 2004లో రసాయన శాస్త్ర నోబెల్ బహుమతి ఇచ్చారు. ఈఐఎన్2 ముక్క వచ్చాక ఈ నాశనం ఆగుతుంది, ఈఐఎన్3 నిలుస్తుంది, డీఎన్‌ఏ మీద తన స్థానాలకు అతుక్కుని అనేక జన్యువులను పని మొదలుపెట్టిస్తుంది. వరిలోనూ ఈ వరుసకు సరిపోయే గ్రాహకాలు, ప్రొటీన్లు ఉన్నాయి.

ఇక్కడి నుంచి కథ రెండో హార్మోన్ చేతికి వెళుతుంది. అది జిబ్బరెల్లిన్. వరి మొక్కలను అతిగా పొడుగు సాగదీసి పాలిపోయేలా చేసే బకానే తెగులుకు, దానికి కారణమైన శిలీంధ్రం విడుదల చేసే పదార్థమే మూలమని 1926లో తైవాన్‌లో పనిచేస్తున్న జపాన్ శాస్త్రవేత్త ఎయిచి కురోసావా చూపించారు. ఆ పదార్థమే తరువాత జిబ్బరెల్లిన్ అయింది. మొక్క కూడా దానిని సొంతంగా తయారు చేసుకుంటుంది. వరిలో దాని గ్రాహకమైన జిఐడి1ను 2005లో జపాన్‌లోని నగోయా విశ్వవిద్యాలయ బృందం ప్రకటించింది. ఇది పొరలో ఇరుక్కుని ఉండదు, కణంలో స్వేచ్ఛగా తిరుగుతుంది. జిబ్బరెల్లిన్‌ను పట్టుకోగానే ఇది ఎస్ఎల్ఆర్1 అనే ప్రొటీన్‌ను అదిమిపట్టి, యుబిక్విటిన్ గుర్తు పడేలా చేసి, నాశనానికి పంపుతుంది. ఎస్ఎల్ఆర్1 డెల్లా అనే కుటుంబానికి చెందినది, పెరుగుదల జన్యువులను తొక్కిపెట్టి ఉంచడమే దాని పని. అది పోగానే కాండం, ఆకు సాగడం మొదలవుతుంది.

ఇప్పుడు మునిగిన చేనులోకి వద్దాం. మామూలు వరి రకంలో ఇథిలీన్ పేరుకోగానే జిబ్బరెల్లిన్ ప్రభావం పెరుగుతుంది, ఎస్ఎల్ఆర్1 తగ్గుతుంది, మొక్క నీటి పైకి తల ఎత్తాలని శక్తికి మించి సాగుతుంది. నీరు నాలుగు రోజుల్లో తగ్గితే ఫరవాలేదు. తగ్గకపోతే, ఒండ్రు కలిసిన నీటిలో ఆకుకు వెలుతురు అందదు, కొత్త పిండి పదార్థం తయారు కాదు, ఉన్న నిల్వ అంతా సాగడానికే ఖర్చవుతుంది, ఆక్సిజన్ లేనందువల్ల కణాలు ఆ చక్కెరను ఆల్కహాల్‌గా పులియబెట్టి చాలా తక్కువ శక్తిని మాత్రమే రాబట్టుకుంటాయి. నీరు తీశాక ఆ మొక్కను చేతిలోకి తీసుకుని చూడండి. ఆకులు పాలిపోయి, దారాల్లా సన్నగా, జానెడు ఎక్కువ పొడుగై బురద మీద పడుకుని ఉంటాయి. దుబ్బు మొదలు దగ్గర వేళ్లతో నొక్కితే మెత్తగా లోపలికి పోయి గోధుమ రంగు నీరు కారుతుంది. ఆ మొక్క నీటిలో ఊపిరాడక చనిపోయిందని మనం అనుకుంటాం, అది కొంతవరకే నిజం. తన నిల్వనంతా పొడుగు పెరగడానికి ఖర్చు పెట్టుకుని, మళ్లీ చిగురించడానికి ఏమీ మిగుల్చుకోలేక చనిపోయింది.

ఈ వృథా ఖర్చును ఆపగల జన్యువు పక్క రాష్ట్రమైన ఒడిశాలోని ఒక పాత దేశవాళీ వరిలో దొరికింది. దాని నుంచి ఎంపిక చేసిన ఎఫ్ఆర్13ఎ అనే రకం రెండు వారాల పాటు మునిగినా బతుకుతుంది, కానీ దిగుబడి తక్కువ. 1996లో కెనాంగ్ షు, డేవిడ్ మాకిల్ అనే శాస్త్రవేత్తలు ఆ లక్షణం తొమ్మిదో క్రోమోజోము మీద ఉందని గుర్తించారు. 2006లో వారిద్దరూ, పమేలా రోనాల్డ్, మరికొందరు కలిసి అసలు జన్యువును ప్రకటించారు. దాని పేరు సబ్1ఎ. అది తయారు చేసే ప్రొటీన్ ఒక ట్రాన్స్‌క్రిప్షన్ ఫ్యాక్టర్, అంటే డీఎన్‌ఏ మీద కూర్చుని ఇతర జన్యువుల పనిని నియంత్రించే ప్రొటీన్. అది ఇథిలీన్‌కు స్పందించే కుటుంబంలోనిదే, ఇథిలీన్ వల్లనే ఎక్కువగా తయారవుతుంది, అయినా చేసే పని ఇథిలీన్ ఆజ్ఞను మధ్యలో పట్టి ఆపడం.

ఎలా ఆపుతుందో 2008లో ఫుకావో, జూలియా బెయిలీ సెరెస్ బృందం చూపించింది. సబ్1ఎ ఉన్న మొక్కలో ఎస్ఎల్ఆర్1తో పాటు దానిని పోలిన ఎస్ఎల్ఆర్ఎల్1 అనే మరో ప్రొటీన్ కూడా పెరుగుతుంది. ఈ రెండో దానిలో, జిబ్బరెల్లిన్ గ్రాహకం పట్టుకునే భాగం లేనే లేదు, కాబట్టి జిబ్బరెల్లిన్ ఎంత ఉన్నా అది నాశనం కాకుండా నిలబడి పెరుగుదలను ఆపి ఉంచుతుంది. మొక్క కదలకుండా, పిండి పదార్థాన్ని పొదుపుగా వాడుకుంటూ, నీరు తగ్గేదాకా ఓర్చుకుని ఉంటుంది. ఇంకో ముచ్చట కూడా చెప్పాలి. ఈ జన్యువుకు తట్టుకునే రూపం, తట్టుకోలేని రూపం రెండూ ఉన్నాయి. వాటి మధ్య తేడాల్లో, అవి తయారు చేసే ప్రొటీన్ గొలుసులో 186వ పూసగా ఉండే అమైనో ఆమ్లం ఒకటి, మొదటి రూపంలో అక్కడ సెరీన్, రెండో రూపంలో ప్రోలీన్. కైనేజ్ ఎంజైములు ఫాస్ఫేట్ తగిలించగలిగేది సెరీన్‌కే కానీ ప్రోలీన్‌కు కాదు. 2016లో మన ఢిల్లీలోని జాతీయ మొక్కల జన్యు పరిశోధన సంస్థ శాస్త్రవేత్తలు ఎంపీకే3 అనే కైనేజ్ సబ్1ఎకు ఫాస్ఫేట్ తగిలిస్తుందనీ, సబ్1ఎ తిరిగి ఆ కైనేజ్ జన్యువునే ఎక్కువగా పనిచేయిస్తుందనీ చూపించారు. ఒకదానినొకటి బలపరచుకునే ఈ చక్రం వల్ల ముంపు కాలంలో ఆ సంకేతం నిలకడగా ఉంటుంది.

ఈ జన్యువును చేర్చడానికి ఎంచుకున్న మొదటి రకాల్లో మన డెల్టా బిడ్డ స్వర్ణ ఒకటి. పశ్చిమ గోదావరిలోని మారుటేరు వరి పరిశోధన స్థానంలో వశిష్ఠ, మసూరి రకాలను సంకరపరచి తయారు చేసిన ఎంటీయూ 7029 ఇది. తూర్పు భారతమంతటా లక్షల ఎకరాల్లో పాకిన రకం. ఫిలిప్పీన్స్‌లోని అంతర్జాతీయ వరి పరిశోధన సంస్థలో స్వర్ణకు సబ్1ఎను చేర్చారు, 2009లో మన దేశంలో స్వర్ణ సబ్1గా విడుదలైంది. ఇది జన్యు మార్పిడి విత్తనమా అని చాలామంది రైతులు అడుగుతారు. కాదు. వరికి వరినే సంకరపరచి, వచ్చిన సంతతిని మళ్లీ మళ్లీ స్వర్ణతోనే కలుపుతూ, తొమ్మిదో క్రోమోజోములోని ఆ చిన్న ముక్క ఉన్న మొక్కలను డీఎన్‌ఏ గుర్తులతో ఏరుకుని తయారు చేశారు. ముంపు రాని ఏడాది దీని దిగుబడి స్వర్ణతో సమానంగా ఉన్నట్టు పరీక్షల్లో తేలింది.

ఇక్కడ నేను గట్టిగా చెప్పదలచిన మాట ఒకటి ఉంది. ముంపును తట్టుకునే విత్తనం అని ఒకే మాటతో అన్ని ముంపులకూ ఒకే విత్తనాన్ని సూచించడం తప్పు. 2009లోనే జపాన్ శాస్త్రవేత్తలు లోతు నీటి వరిలో స్నార్కెల్1, స్నార్కెల్2 అనే జన్యువులను ప్రకటించారు. అవి కూడా సబ్1ఎ కుటుంబానివే, అవి కూడా ఇథిలీన్‌కే స్పందిస్తాయి, కానీ ఫలితం పూర్తిగా ఎదురు. అవి ఉన్న వరి రోజుకు 20 సెంటీమీటర్లకు పైగా సాగి నీటి మీద తల పెట్టి ఊపిరి తీసుకుంటుంది. నెలల తరబడి నీరు నిలిచే చోట అదే సరైన జవాబు. రెండు వారాల్లో దిగిపోయే వరదకు ఓర్చుకుని ఆగడమే సరైన జవాబు. మోకాలి లోతు నీరు నెలన్నర కదలని పల్లపు చేలలో సబ్1 రకం వేస్తే, పొడుగు పెరగనివ్వని ఆ గుణమే అక్కడ నష్టం చేస్తుంది. కోత దశలో తుపాను వచ్చి చేను పడిపోతే దానికీ ఈ జన్యువు అక్కరకు రాదు. మురుగు కాలువ పూడిక తీయని చోట విత్తనం మీద భారం వేయడం మొక్కకూ రైతుకూ అన్యాయమే.

కాబట్టి విత్తనం ఎంచుకునే ముందు మీ చేలో నీరు సాధారణంగా ఎంత లోతు వస్తుంది, ఎన్ని రోజులు ఉంటుంది, పైరు ఏ దశలో ఉండగా వస్తుంది అన్న మూడు సంగతులూ రాసిపెట్టుకోండి. వ్యవసాయ అధికారిని అడిగేటప్పుడు ఆ మూడూ చెప్పండి. ముంపు తీసిన తరువాత పైరును దున్నేయాలని తొందరపడకండి. దుబ్బు మొదలు నొక్కి చూడండి. గట్టిగా, తెల్లగా ఉంటే మొక్క బతికే ఉంది, ముందు నీరు పూర్తిగా తీసి, కొత్త ఆకు కనబడ్డాక పైపాటు ఎరువు వేయవచ్చు.

ఊడ్పులు మాని వెదజల్లే పద్ధతికి మారిన రైతులకు మరో చిక్కు ఉంది. విత్తిన రెండు మూడు రోజుల్లో వాన పడి మడిలో నీరు నిలిస్తే గింజ మొలకెత్తకుండానే కుళ్లుతుంది, ఆ దశలో సబ్1ఎ ఆదుకోదు. దానికి మయన్మార్ దేశవాళీ వరి ఒకదానిలో దొరికిన ఓఎస్‌టీపీపీ7 అనే వేరే జన్యువు పనికొస్తుందని 2015లో ప్రకటించారు. అది గింజలోని పిండి పదార్థాన్ని నీటి కిందనే చక్కెరగా మార్చి మొలకకు అందేలా చేసే సంకేతాన్ని నడుపుతుంది. గింజ దశకు ఆ జన్యువు, పిలక దశకు సబ్1ఎ, రెండూ ఒకే రకంలో కలిపే పని పరిశోధన స్థానాల్లో సాగుతోంది.