మోకాళ్ల నొప్పికి కరెంటు పెట్టిస్తే చాలా?

"ఫిజియోథెరపీ కూడా అయిందండీ. పది రోజులు కరెంటు పెట్టారు. అక్కడున్నంతసేపూ హాయిగానే ఉంది, ఇంటికొచ్చాక మళ్లీ మామూలే."

మోకాళ్ల నొప్పుల వాళ్లు ఈ మాట అన్నప్పుడల్లా బాధేస్తుంది. వాళ్లకు జరిగింది కరెంటు ఒక్కటే, అసలు వైద్యం ఇంకా మొదలే కాలేదు. ఐఎఫ్‌టీ (సన్నగా కరెంటు పంపేది), అల్ట్రాసౌండ్ (ధ్వని తరంగాలు పంపేది, స్కాన్ కాదు) లాంటి మెషీన్లు కాసేపు నొప్పి తెలియనివ్వకపోవచ్చు గానీ, కండకు బలం తేలేవు. బ్రిటన్‌లో వైద్య మార్గదర్శకాలు తయారుచేసే నైస్ సంస్థ 2022లో కీళ్ల అరుగుదలకు ఇవి ఇవ్వొద్దనే చెప్పింది, పనిచేస్తాయనడానికి సరిపడా ఆధారాలు లేవని. అందరికీ ఇవ్వమన్నది వ్యాయామం.

ఎందుకంటే, తొడ ముందు వైపు ఉండే పెద్ద కండను స్కూటర్ షాక్ అబ్జార్బర్ అనుకోండి. మెట్లు దిగేటప్పుడు మోకాలి మీద ఒంటి బరువుకు మూడు రెట్ల పైనే భారం పడుతుంది. షాక్ అబ్జార్బర్ బాగుంటే ఆ కుదుపు అదే తీసుకుంటుంది. పోయిందా, ప్రతి గుంతా నేరుగా బండికి తగులుతుంది. పైగా మోకాలు వాచినప్పుడు ఆ కండ పూర్తిగా బిగుసుకోకుండా నరాలే ఆపేస్తాయి. నొప్పని నడక మానేస్తే కండ ఇంకా సన్నబడుతుంది. ఎక్స్‌రేలో అరుగుదల ఒకేలా ఉన్నా ఒకరు హాయిగా తిరుగుతారు, ఇంకొకరు లేవలేరు. తేడా చాలావరకు ఈ కండ బలంలోనే. కీలులో అరిగిన గుజ్జును మనం తిరిగి తేలేం, షాక్ అబ్జార్బర్‌ను మాత్రం బాగుచేసుకోవచ్చు.

(మంచం మీద కాలు చాపి చూపిస్తూ)

మొదటిది. టవల్ చుట్టి మోకాలి కింద పెట్టండి. పాదం వేళ్లు మీ వైపు లాగి, మోకాలితో టవల్‌ను కిందికి నొక్కండి. 5 సెకన్లు ఉంచి వదలండి, ఇలా 10 సార్లు. మోకాలి చిప్పకు కాస్త పైన చెయ్యి వేసి చూడండి, అక్కడ కండ గట్టిపడాలి. అక్కడ మెత్తగానే ఉండి పిరుదు బిగుస్తోందంటే పని వేరేచోట జరుగుతోంది. ఊపిరి బిగబట్టొద్దు, బీపీ పెరుగుతుంది.

(కుర్చీ దగ్గరికి వచ్చి)

రెండోది కుర్చీలోంచి లేవడం. నాకు అన్నిటికన్నా ఇష్టమైంది ఇదే. కుర్చీని గోడకు ఆనించండి, ప్లాస్టిక్‌దైతే తప్పకుండా. తక్కువ ఎత్తు కష్టమైతే దుప్పటి మడిచి వేసుకోండి. పాదాలు కాస్త వెనక్కి, ముక్కు కాలివేళ్ల మీదికి వచ్చేదాకా ముందుకు వంగి లేవండి. కూర్చునేటప్పుడు నాలుగు అంకెలు లెక్కపెడుతూ నెమ్మదిగా. దభీమని కూలబడితే సగం ఫలితం పోయినట్టే, షాక్ అబ్జార్బర్ పనంతా ఆ దిగడంలోనే ఉంది. మోకాళ్లు లోపలికి వాలకూడదు. 8 నుంచి 10 సార్లు, మధ్యలో ఆగుతూ 3 విడతలు, వారానికి మూడు రోజులు. తేలికైపోయాక దుప్పటి తీసేయండి.

నొప్పి వస్తే? నొప్పికి పదికి మార్కులేస్తే మూడు, నాలుగు వరకు ఫర్వాలేదు, మర్నాటికి తగ్గిపోవాలి. తగ్గకపోతే లెక్క తగ్గించండి, మానేయొద్దు. బలం తెలియడానికి ఆరు నుంచి ఎనిమిది వారాలు పడుతుంది. చాలామంది రెండో వారంలోనే వదిలేస్తారు, అదే నా దిగులు.

టైమ్ అయిపోతోంది, మిగతావి గబగబా. చేతికర్ర నొప్పి లేని వైపు పట్టుకోవాలి. మెట్లు ఎక్కేటప్పుడు బాగున్న కాలు ముందు, దిగేటప్పుడు నొప్పి కాలు ముందు. ఒంటి బరువు ఒక కిలో తగ్గితే అడుగడుగునా మోకాలికి దాదాపు నాలుగు కిలోల భారం తగ్గుతుంది. కింద కూర్చోవడం నొప్పి తగ్గేదాకా తగ్గించండి చాలు, జన్మంతా మానక్కర్లేదు.

మోకాలు ఎర్రగా వేడెక్కి జ్వరం వచ్చినా, మడత దగ్గర పట్టేసి కదలకపోయినా, పడ్డాక కాలు మోపలేకపోయినా, ఒక కాలి పిక్క మాత్రమే వాచి నొప్పెడుతున్నా ఈ వ్యాయామాలేవీ చేయొద్దు. అదే రోజు డాక్టర్‌కు చూపించండి.