ముక్కకీ ఒక పేరుంటుంది

(శ్రీకాకుళంలో ప్రాథమిక పాఠశాలల టీచర్ల సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)

అందరికీ నమస్కారం.

బోర్డు మీద ఒక భిన్నాల లెక్క రాశాను, చూడండి. 1/2 + 1/3 = 2/5. నా తరగతిలో ఒక పాప రాసిన జవాబు ఇది. అంతకుముందు వారమంతా ఆ పాప చేత రోజుకి నలభై లెక్కలు చేయించాను. 2/7 + 3/7, 1/9 + 4/9, ఇలాంటివి. అన్నీ రైటే. నేనూ టిక్కులు పెట్టుకుంటూ పోయాను. "కింది అంకె అలాగే ఉంచు, పైవి కలుపు" అని నేర్పాను కదా, కింద రెండు వేర్వేరు అంకెలు కనబడేసరికి ఏది ఉంచాలో తెలియక రెండూ కలిపేసింది. ఆ తప్పు పాపది కాదు, నాది.

ఆ రోజు ఇంకో నలభై లెక్కలు ఇవ్వలేదు. దగ్గర కూర్చోబెట్టుకుని అడిగాను. "నీ దగ్గర అర బెల్లం అచ్చు ఉందమ్మా. నేను ఇంకొంచెం ఇచ్చాను. ఇప్పుడు నీ దగ్గరున్నది అర కంటే ఎక్కువా, తక్కువా?"

"ఎక్కువే మాస్టారూ."

"మరి ఈ 2/5?"

అయిదు వేళ్ళు చాపి, రెండు మడిచి, మిగిలిన మూడింటినీ చూసుకుంది. "తక్కువ" అని మెల్లిగా చెప్పి, నేను చెప్పకుండానే జవాబు చెరిపేసింది. సరైన జవాబు ఇంకా రాలేదు. కానీ తన జవాబుని తనే పట్టుకుంది. అభ్యాసం అంటే ఏమిటో నాకు ఆ రోజు అర్థమైంది.

పైనున్న లవం ఎన్ని ముక్కలో చెబుతుంది. కిందున్న హారం ఆ ముక్క పేరు చెబుతుంది. పేర్లు వేరైతే కలపడం కుదరదు. మన ఇళ్లలో పెద్దవాళ్ళు గింజలు సోలలతో, గిద్దలతో కొలిచేవారు. రెండు సోలలూ మూడు గిద్దలూ కలిపితే అయిదు అంటే, "అయిదు ఏమిటి?" అని అడుగుతారు. సోలకి నాలుగు గిద్దలు కాబట్టి పదకొండు గిద్దలు అనాలి. మనం హారాలకి క.సా.గు. (కనిష్ఠ సామాన్య గుణిజం) కట్టి చేసే పని ఇదే, అన్నిటినీ గిద్దల్లోకి మార్చడం. పిల్లలకి మొదట ఇది చూపిస్తే క.సా.గు. ఎందుకో వాళ్ళే అడుగుతారు. పావు, అర, ముప్పావు అనే మాటలు వాళ్ళు బడికి రాకముందే వింటారు. వాడుక భాషలో చదువు చెప్పాలని జీవితమంతా పోరాడిన గిడుగు రామమూర్తి గారు ఈ జిల్లాలో పుట్టినవారే. లెక్కల తరగతికి కూడా ఆయన మాట వర్తిస్తుందని నా నమ్మకం.

పలాస వైపు నుంచి వచ్చిన టీచర్లకి ఒక మాట. జీడిపప్పు గింజ విడదీస్తే రెండు బద్దలు. పెద్ద గింజ బద్ద, చిన్న గింజ బద్ద పక్కపక్కన పెట్టి, రెండూ సగాలే కదా, సమానమేనా అని అడగండి. ఏ గింజలో సగం అన్నది తేలకుండా భిన్నాలు కలపకూడదని అక్కడే తెలుస్తుంది.

ఇక దశాంశాలు. 3.4 + 2.15 ఇస్తే చాలామంది 5.19 అని రాస్తారు. నాలుగూ పదిహేనూ పంతొమ్మిది! ఇదీ పాత తప్పే. ఆ 4 పదో వంతులు, ఆ 15 వందో వంతులు. ముక్కల పేర్లు వేరు. 3.40 అని రాస్తే పేరు ఒకటవుతుంది, జవాబు 5.55 వస్తుంది. "రెండు పాయింట్ పదిహేను" అని మనమే చదివి ఈ తప్పు నేర్పుతున్నాం. "రెండు పాయింట్ ఒకటి అయిదు" అని చదవండి.

ఇంకో చోట కూడా జాగ్రత్త. పిల్లలకి పాయింట్ బాగా పరిచయమైంది క్రికెట్ స్కోరులో. అక్కడ 4.3 ఓవర్లంటే నాలుగు ఓవర్ల మూడు బంతులు, అంటే నాలుగున్నర ఓవర్లు. 4.3కి 2.4 కలిపితే 7.1 ఓవర్లు. మన లెక్కలో 6.7. ఈ రెండూ ఎందుకు వేరో అడిగి చూడండి, వెనక బెంచీ కుర్రాళ్ళు ముందుకొస్తారు. ఓవర్‌కి ఆరు బంతులు, మన పాయింట్ తర్వాత పది ముక్కలు.

రూపాయి కథ కూడా చెప్పొచ్చు. 1957 ఏప్రిల్ 1కి ముందు రూపాయికి పదహారు అణాలు, ఆ తర్వాత వంద పైసలు. పావలా మాత్రం పావలాగానే ఉండిపోయింది. 4/16 అన్నా 25/100 అన్నా అదే పావు.

తీసివేతలో టెన్షన్ ఎక్కువ. అయిదు మీటర్ల పొందూరు ఖద్దరులో 2.35 మీటర్లు కోస్తే మిగిలేది ఎంత? 3.35 అని రాసేస్తారు, పైన ఏమీ లేదు కాబట్టి 35ని కిందికి దించేసి. ముందు అంచనా అడగండి. కోసింది రెండున్నర కంటే తక్కువ, మిగిలేది రెండున్నర కంటే కొంచెమే ఎక్కువ. అప్పుడు 5.00 అని రాసి చేస్తే 2.65.

నా కోరిక ఒక్కటే. నలభై లెక్కల బదులు రోజుకి అయిదు ఇవ్వండి. కూడికలు, తీసివేతలు, భిన్నాలు, దశాంశాలు కలగలిపి ఇవ్వండి. ప్రతిదానికీ ముందు నోటితో అంచనా, ఆ తర్వాతే పెన్సిల్.

ఇప్పుడు మీ ముందున్న రెండు కాగితపు పట్టీలు తీసుకోండి. ఒకదాన్ని రెండు సమభాగాలుగా, ఇంకోదాన్ని మూడుగా మడవండి. 1/2, 1/3 కలిపితే ఒక పూర్తి పట్టీ అవుతుందా, ఇంకా ఎంత తక్కువ పడుతుందో పక్కనున్నవారికి నోటితో చెప్పండి. కలాలు కాసేపు జేబులోనే ఉండనివ్వండి.