ఒకే గుడ్డు, ఐదు మెటీరియల్స్: ఏది దేని మీద నిలుస్తుంది?

నమస్కారం అండి. టేబుల్ మీద ఒక తెల్ల గుడ్డు, ముందు 300 జీఎస్ఎం కోల్డ్ ప్రెస్డ్ పేపర్, అంటే కాస్త గరుకుగా ఉండే మందపాటి కాగితం. మాస్కింగ్ టేపుతో ఐదు గళ్లు చేశాం: వాటర్‌కలర్, గ్వాష్ (కింది రంగు కనపడకుండా కప్పేసే నీటిరంగు), ఆక్రిలిక్, ఆయిల్ పాస్టెల్, చార్‌కోల్. ఏది దేనితో కలుస్తుంది, ఏది దేన్ని పాడుచేస్తుంది, ఇదే ఇవాళ్టి రివ్యూ.

ముందు ఒక్క మాట. మంచి అల్ట్రామరీన్ నీలం ట్యూబు ఏది తీసుకున్నా వెనక రంగు పొడి నంబరు పీబీ 29 అనే రాసుంటుంది. అంటే రంగు పొడి అదే. మారేదల్లా దాన్ని పట్టి ఉంచే జిగురు. వాటర్‌కలర్‌కీ గ్వాష్‌కీ గమ్ అరబిక్, ఆక్రిలిక్‌కి పాలిమర్, ఆయిల్ పాస్టెల్‌కి మైనం, ఆరని నూనె. విల్లో చార్‌కోల్ అయితే విల్లో చెట్టుది ఉత్త కాల్చిన పుల్ల, జిగురే లేదు. ఇది గుర్తుంటే మిగతా గొడవలన్నీ వాటంతటవే అర్థమవుతాయి.

మొదటి గడి, వాటర్‌కలర్. గుడ్డు తెలుపు అంటే ఇక్కడ పేపరే. సెట్‌లో తెల్ల ట్యూబు ఉంది కదా అని వేస్తే సుద్ద పూసినట్టు అవుతుంది. ఈ నీడ దగ్గరికి కెమెరా తెస్తున్నా, చూడండి. కాలీఫ్లవర్ పువ్వులా అంచు విచ్చుకుంది కదా? వాష్, అంటే నీళ్లు కలిపి పల్చగా పూసిన రంగు, సగం ఆరాక నీళ్లు నిండిన బ్రష్ తగిలించడం వల్ల వచ్చింది. ఆ నీళ్లు ఆరుతున్న వైపుకి పాకుతూ రంగుని ముందుకి తోసుకెళ్లి అంచున వదిలేస్తాయి. కాబట్టి తడి మెరుపు తగ్గడం మొదలైతే బ్రష్ పక్కన పెట్టండి. ఆరిందో లేదో తెలియాలంటే చేతి వెనక వైపు ఆనించండి. చల్లగా ఉందంటే లోపల ఇంకా తడి ఉన్నట్టే. పల్చటి పేపర్ మీద ఇవేవీ నేర్చుకోలేరు, ముందే ఉబ్బి అలలు లేస్తుంది. డబ్బు పెట్టాలంటే రంగుల కన్నా పేపర్ మీద పెట్టమంటాను.

గ్వాష్. మీగడ చిక్కదనం ఉండాలి. మరీ మందంగా వేస్తే ఆరాక పగుళ్లిస్తుంది. మామూలుగా లేత రంగులు ఆరాక కాస్త ముదురుతాయి, ముదురు రంగులు కాస్త తేలిపోతాయి. అందుకే గుడ్డు నీడకి కలిపిన బూడిదరంగుని ముందు ఒక పేపర్ ముక్క మీద వేసి, ఆరాకే వాడాం. రెండో కోటు తక్కువ నీళ్లతో, ఒక్క గీతలో వేసి వదిలేయాలి. రుద్దారంటే కింది కోటు కరిగి పైకొచ్చేస్తుంది.

ఆక్రిలిక్‌లో ఆ బాధ లేదు, ఆరితే మళ్లీ నీళ్లకి కరగదు. బ్రష్ మీద ఆరినా అంతే, ఆ బ్రష్ మీద ఆశ వదులుకోండి! తడిగా ఉన్నప్పుడు జిగురు పాలలా తెల్లగా ఉంటుంది, ఆరాక పారదర్శకం అవుతుంది. రంగు ముదిరేది అందుకే.

ఇక ఆయిల్ పాస్టెల్. 1925లో జపాన్‌లో సకురా కంపెనీ తెచ్చిన ఈ పుల్లలు ఎప్పటికీ పూర్తిగా ఆరవు. ఆరిన ఆక్రిలిక్ మీద ఇవి హాయిగా పడతాయి. తిరగేస్తే మాత్రం, అంటే పాస్టెల్ మీద ఆక్రిలిక్ వేస్తే, ఇదిగో, గోటితో గీకగానే పొరలా లేచొచ్చేసింది. వాటర్‌కలర్ అయితే అసలు అంటుకోకుండా బొట్లుబొట్లుగా జారిపోతుంది. ఆ జారడాన్నే వాడుకోవచ్చు. గుడ్డు మీద మెరుపు ఉన్నచోట తెల్ల పాస్టెల్ గట్టిగా రుద్ది, పైన నీలం వాష్ తోలండి. మెరుపు తెల్లగా మిగిలిపోతుంది. ఈ ఐదింట్లో నాకు బాగా నచ్చిన జోడీ ఇదే. తెల్ల పుల్లని ప్రతిసారీ టిష్యూతో తుడవాలి, లేకపోతే పక్క రంగు మోసుకొస్తుంది.

చివరిది చార్‌కోల్. కింద స్కెచ్ పెన్సిల్‌తో వేయకండి. గ్రాఫైట్ నున్నగా ఉండి చార్‌కోల్‌ని పట్టనివ్వదు. విల్లోతోనే గీసుకోండి, నీడెడ్ ఎరేజర్ (పిండిలా పిసికే మెత్తటి రబ్బరు) అద్దితే లేచొస్తుంది. కంప్రెస్డ్ చార్‌కోల్‌లో జిగురు కలుపుతారు కాబట్టి అంత తేలిగ్గా పోదు, దాన్ని చిట్టచివరి నలుపుకి దాచుకోండి. ఫిక్సెటివ్, అంటే పొడి రాలకుండా పట్టి ఉంచే స్ప్రే, ఒక అడుగు దూరం నుంచి, గాలి ఆడేచోట, పల్చగా రెండుసార్లు. దగ్గర నుంచి కొడితే చుక్కలు పడతాయి.

టేపు తీద్దాం. తడి పేపర్ మీద లాగితే పీచు లేచిపోతుంది, అందుకే పూర్తిగా ఆరేదాకా ఆగాం. టేపుని వెనక్కి మడిచి, పేపర్‌కి ఆనించినట్టే ఉంచి, బొమ్మకి బయటి వైపుకి మెల్లగా. మొండికేస్తే హెయిర్ డ్రయ్యర్‌తో కాస్త వేడి చేయండి, జిగురు మెత్తబడుతుంది. నాలుగు అంచులు శుభ్రంగా వచ్చాయి. ఐదోదాని కింద నల్లటి పొడి దూరింది, ఆ పక్కన టేపుని గోటితో నొక్కలేదు మరి.