ఆండ్రాయిడ్లు, దయ, ఒక మేక: ఫిలిప్ కె. డిక్ నవల

(దృశ్యం: హనుమకొండలో ఒక గది, బల్లపై తెరిచి ఉన్న పుస్తకం)

వ్యాఖ్యానం: హనుమకొండలో కలిసి చదువుకునే మా బృందంలో, అమెరికన్ రచయిత ఫిలిప్ కె. డిక్ 1968లో ప్రచురించిన ‘డూ ఆండ్రాయిడ్స్ డ్రీమ్ ఆఫ్ ఎలక్ట్రిక్ షీప్?’ రేపినంత వాదన మరే నవలా రేపలేదు. మహాయుద్ధం తర్వాత అణుధూళి కమ్మిన శాన్ ఫ్రాన్సిస్కోలో, అంగారక గ్రహం నుంచి పారిపోయి వచ్చి మనుషుల్లో కలిసిపోయిన ఆండ్రాయిడ్లను, అంటే మనిషిని పోలిన కృత్రిమ జీవులను, వెతికి చంపడం రిక్ డెకార్డ్ ఉద్యోగం. రూపంలోనూ తెలివిలోనూ తేడా కనిపించదు కనుక ఒక పరీక్ష పెడతారు.

(దృశ్యం: కంటిపై సన్నని కాంతి, చెంపకు అతికించిన తీగ)

జంతువులకు హాని జరిగే సందర్భాలను చెప్పి, చెంపలోని సూక్ష్మ రక్తనాళాలు, కంటి కండరాలు ఎలా స్పందిస్తాయో కొలుస్తారు. ఎదుటి ప్రాణి బాధకు తనంతట తాను కదిలే గుణాన్నే ఆ లోకం ఆత్మకు ఆనవాలుగా పెట్టుకుంది.

ప్రిస్ అనే ఆండ్రాయిడ్, సాలీడుకు అన్ని కాళ్లు ఎందుకంటూ కత్తెరతో ఒక్కొక్కటిగా నాలుగు కాళ్లు కత్తిరిస్తుంది. ఆమెలో కోపం లేదు, ఉన్నదంతా కుతూహలమే. అణుధూళి వల్ల బుద్ధి మందగించిందని అందరూ చిన్నచూపు చూసే ఇసిడోర్, ఆ బాధను చూడలేక సాలీడును నీట ముంచి చంపేస్తాడు. మొసలికి చిక్కిన ఏనుగు మొరను బమ్మెర పోతన పద్యాల్లో వింటూ పెరిగిన మన వరంగల్ ప్రాంతం వారికి, మనిషి కాని ప్రాణిలోనూ ఆత్మ ఉందని వేరే చెప్పనక్కరలేదు. అందుకే ఈ ఘట్టం చదువుతుంటే మాలో చాలామందికి కడుపులో దేవినట్టయింది.

(దృశ్యం: ఖాళీగా ఉన్న ఒపెరా రంగస్థలం)

అయితే ఆ పరీక్షను డిక్ పూర్తిగా నమ్మనివ్వడు. ఆండ్రాయిడ్ అయిన గాయని లూబా లుఫ్ట్‌ను ఏమాత్రం తొట్రుపాటు లేకుండా కాల్చి చంపే ఫిల్ రెష్ అనే మరో వేటగాడు, పరీక్షలో మనిషిగానే తేలతాడు. ఆమె పాట విన్న డెకార్డ్ మాత్రం కలత చెంది, తననూ పరీక్షించుకుని, చంపవలసిన వారిపైనే తనకు దయ కలుగుతోందని తెలుసుకుంటాడు. నవలకు ప్రాణం ఇక్కడే ఉందని నా అభిప్రాయం.

నేను ఒప్పుకోలేని చోటు కూడా ఒకటి ఉంది. ఆండ్రాయిడ్లకు అనుభూతి లేదంటూనే, వేట సొమ్ముతో డెకార్డ్ కొన్న మేకను, అతనికి దగ్గరైన రేచెల్ అనే ఆండ్రాయిడ్ మేడ మీది నుంచి తోసి చంపినట్టు కథ చూపిస్తుంది. తనకంటే ఆ మేకనే అతడు ఎక్కువ ప్రేమిస్తున్నాడని ఆమె అంతకుముందే అతనితో అంటుంది. ప్రేమ దక్కలేదన్న బాధే తెలియనిదైతే మేక మీద అంత పగ ఆమెకు ఎందుకో, డెకార్డ్ చేతిలోని పరీక్షాయంత్రం చెప్పలేదు.